ఎవరి చెయ్యీ అక్కర్లేదు

గన్నవరం,
14-7-1974

తమ్ముడు కృపానందానికి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు కదా, చెయ్యి అదే రాయబోయింది. ఆపుకున్నాను. క్షేమం కాదురా. ఎస్తేరుకి కాలు పడిపోయింది.

పోయిన నెలాఖరులో వానలు మొదలైనప్పుడు దానికి జ్వరం తగిలింది. అన్నం ముట్టదు, ఒళ్ళు నొప్పులని ఒకటే నస. ఊళ్ళో జ్వరం తగలని పిల్ల లేదు, దీనికీ అదే అనుకున్నాను. మిషను ఆస్పత్రిలో అన్నేళ్ళు నర్సుగా చేసి వచ్చినదాన్ని, ఊరందరి పిల్లలకీ వరండాలో కూర్చుని మందులిచ్చేదాన్ని, నా పిల్లను నేను చూసుకోలేనా అని ధీమా. మర్నాటికీ జ్వరం దిగకపోతే ఎడమ తుంటికి ఇంజెక్షన్ చేశాను. దానికి కోపం వచ్చి ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. తర్వాత జ్వరం దిగింది. హమ్మయ్య అనుకున్నాను.

ఆ మర్నాడు పొద్దున మంచం మీంచి దించి నిలబెడితే ఎడమ కాలు నేలకు ఆనలేదు. తడిబట్టలా వేలాడింది. వేషాలేస్తోందనుకుని వీపు మీద ఒకటి వేశాను కూడా. నా చేతులు పడిపోను.

మీ బావ కొండపల్లి దగ్గర పవర్ స్టేషను పనుల్లో ఉన్నాడు, శనివారం దాకా రాడు. నేనే పిల్లను భుజాన వేసుకుని బస్సెక్కి బెజవాడ వెళ్ళాను. డాక్టరు గారు చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టి చూసి పోలియో అన్నారు. వైరసు అన్నారు. మందు లేదు, కాలికి వ్యాయామం చేయించమన్నారు. ఆ మాట ఆయన చెప్పకముందే నాకు తెలుసు. ఆస్పత్రిలో ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. అప్పుడు వాళ్ళు వేరేవాళ్ళ పిల్లలు.

పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి దేవుని చిత్తం అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన మీదో దేవుడి మీదో ఇంకా తేల్చుకోలేదు.

నువ్వు బెంగుళూరులో కూర్చుని చదివేది ఈ వైరసుల గురించే కదా. అమ్మ బతికి ఉన్నప్పుడు, వీడి చదువేంటో నాకు ఒక్క ముక్క అర్థం కాదు అనేది. నాకు అర్థమయ్యేటట్టు రాయి. అదెలా ఉంటుంది, ఎక్కణ్ణుంచి వచ్చింది, దాన్ని ఎవరు చేశారు? నా పిల్ల కాలు తీసుకుపోయినవాడి మొహం నాకు తెలియాలి.

అక్క,
సంపూర్ణం

—

బెంగుళూరు,
22-7-1974

అక్కా,

నీ ఉత్తరం లేబొరేటరీలో నిలబడే చదివాను. బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. పోయిన వేసవిలో నా కళ్ళజోడు లాక్కుని కాలువ గట్టు దాకా పరిగెత్తిన పిల్లే కళ్ళ ముందు కనబడుతోంది. ఏం రాయాలో తెలియడం లేదు. నువ్వు అడిగింది మాత్రం రాయగలను.

ముందే చెబుతున్నాను, నేను డాక్టరును కాను, ఫిజిక్సు వాడిని. నేను పట్టుకు కూర్చున్నది పొగాకు ఆకులకు వచ్చే వైరసు. అది సన్నని పుల్లలా ఉంటుంది. పిల్లలకు వచ్చేది బంతిలా గుండ్రంగా ఉంటుంది. ఫుట్‌బాల్ మీద తోలు ముక్కలు కలిపి కుట్టినట్టు, ఒకే రకం ముక్కలు అయిదేసి చొప్పున చేరి ఒక డొల్ల అవుతాయి. ఆ డొల్లలో ఒక దారం. ఆ దారంలో ఇంకో వైరసు ఎలా తయారు కావాలో రాసి ఉంటుంది. ఇంతే. నోరు లేదు, కడుపు లేదు, ఆకలి లేదు. నువ్వు అడిగిన మొహం దానికి లేదక్కా.

దాన్ని ఎవరు చేశారన్నావు. నేను ఈ చదువులో పడిందే ఆ ప్రశ్న వల్ల. మా దగ్గర పొగాకు వైరసును ఆమ్లంలో వేసి ముక్కలు ముక్కలుగా విడగొడతాం. దారం ఒక గొట్టంలో, ప్రొటీను ముక్కలు ఇంకో గొట్టంలో. అప్పుడు అందులో ప్రాణం లాంటిది ఏమీ ఉండదు. తర్వాత రెండూ ఒకే గొట్టంలో పోసి ఊరికే ఉంచుతాం. ముక్కలు నీళ్ళలో ఇటూ అటూ తొక్కిసలాడుకుంటాయి, గుద్దుకుంటాయి, సరిపడనివి విడిపోతాయి, సరిపడినవి అంటుకుంటాయి. కాసేపటికి చూస్తే మళ్ళీ పుల్లలు. మళ్ళీ ఆకుకు అంటిస్తే మళ్ళీ రోగం. బావ ఉండే కొండపల్లిలో బొమ్మకు చెయ్యి అతికించాలంటే చింతగింజల బంక పెట్టి ఒకడు కూర్చోవాలి కదా. దీనికి కూర్చునేవాడు లేడు. ఎవరి చెయ్యీ అక్కర్లేదు.

ఎందుకు అంటుకుంటాయో కూడా చెబుతాను, నాకు ప్రపంచంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. చారు మీద తాలింపు నూనె చుక్కలు వాటంతటవే దగ్గరికి చేరి పెద్ద చుక్క అవడం రోజూ చూస్తావు. నూనెకు నూనె మీద ప్రేమ అనుకుంటాం. కాదు. నీళ్ళకు నూనె పక్కన బిగుసుకుని ఉండడం కష్టం. చుక్కలు కలిసిపోతే మధ్యలో ఇరుక్కున్న నీళ్ళు విడుదలవుతాయి. వైరసు కట్టుకునేదీ చాలావరకు ఇందుకే.

ఇంత రాశాక చూసుకుంటే నీకు ఇదంతా ఎందుకు రాశానా అనిపిస్తోంది. పిల్ల గురించి అడిగితే చారు గురించి చెప్పాడని తిట్టకు. ఎవరో పగబట్టి చేసింది కాదని నీకు తెలియాలని రాశాను.

ఎస్తేరుకు మామయ్య ముద్దులు.

కృప

—

గన్నవరం,
9-8-1974

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. బొమ్మల మాట దగ్గర నవ్వాడు. మిగతాదంతా విని, అయితే తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేరన్నమాట అని లేచి వెళ్ళిపోయాడు. నాకూ అదే అనిపించింది. పాస్టరు గారి లెక్క ప్రకారం దేవుడైనా ఉన్నాడు. నీ లెక్కలో నీళ్ళే ఉన్నాయి.

ఎస్తేరు కాలు సన్నబడుతోంది. రోజూ పొద్దునా సాయంత్రం వేడి నూనె రాసి కాలు మడిచి చాపుతాను. అది చూరు వంక చూస్తూ పడుకుంటుంది. ముందు రోజుల్లో ఏడ్చేది, ఇప్పుడు ఏడవడం మానేసింది. ఏడిస్తేనే బాగుండు.

పని మాత్రం ఎక్కువైంది. వానలకు కాలువ నీళ్ళు బురదగా వస్తున్నాయి, ఇంటింటా జ్వరాలు. పొద్దున లేచేసరికి వరండా నిండా తల్లులూ పిల్లలూ. మాత్ర ఇస్తే ఎవరూ లేవరు. మాత్ర కొట్లో కూడా దొరుకుతుంది, నీ దగ్గరికి వచ్చింది సూది కోసం అంటారు. సూది దిగితేనే జ్వరం దిగుతుందని వాళ్ళ నమ్మకం. స్టవ్వు మీద సిరంజి ఉడుకుతుంటే ఆ చప్పుడుకే సగం మందికి ధైర్యం వస్తుంది. నాకూ మంచిదే. చేతుల్లో పని ఉన్నంతసేపు పిచ్చి ఆలోచనలు రావడం లేదు.

ఒక్క సంగతి అడుగుతాను, దాచకుండా చెప్పు. నా చేతిలో ఏదైనా పొరపాటు జరిగిందా? సూది బాగానే ఉడికించాను. మందు కొత్త సీసాలోదే. నరానికి తగలకుండా తుంటి పైభాగంలోనే వేశాను, ఆస్పత్రిలో నాకు నేర్పిన చోటే. బెజవాడ డాక్టరు గారు ఇంజెక్షన్ సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు. కానీ సూది వేసిన కాలే ఎందుకు పోయిందా అని ఆలోచన వస్తోంది. వచ్చిందంటే ఇంక పోదు. నీకు తెలిసిన డాక్టర్లు ఉంటారు కదా, అడిగి రాయి.

అక్క

—

బెంగుళూరు,
25-8-1974

అక్కా,

జవాబు ఆలస్యమైంది. ఇక్కడ పని ఎక్కువగా ఉండి రాయలేకపోయాను.

నాతో చదువుకున్న అంతోని ఇక్కడే డాక్టరీ చేస్తున్నాడు. వాణ్ణి అడిగాను. నువ్వు అడిగినవాటికి జవాబు: సూది ఉడికించడంలో పొరపాటు లేదు, మందులో లేదు, వేసిన చోటులో లేదు. వైరసు అంతకు ముందే ఒంట్లో ఉంది. ఆ జ్వరమే దానివల్ల వచ్చింది. నువ్వు తెచ్చిపెట్టింది కాదు. ఇది వాడి మాటగానే రాస్తున్నాను. డాక్టర్లు ఇంకా ఏవేవో అంటారు, అవన్నీ మనకెందుకు.

మా దగ్గర ఈ నెల ఒక విచిత్రం చూశాను. మంచులో పెట్టిన గొట్టంలో ప్రొటీను ముక్కలు వేటికవి విడివిడిగా ఉంటాయి. బయటపెట్టి కాస్త వెచ్చబడనిస్తే చాలు, కలిసి బిళ్ళలుగా కట్టుకుంటాయి. మామూలుగా వేడి తగిలితే ఏ వస్తువైనా విడిపోవాలి కదా, ఇక్కడ తారుమారు. చలికి విడిపోతుంది, వేడికి కట్టుకుంటుంది. పోయిన ఉత్తరంలో నీళ్ళ విడుదల గురించి రాశానే, అదే కారణం. వేడి పెరిగేకొద్దీ నీళ్ళ మాట ఎక్కువ చెల్లుతుంది. ఆ బిళ్ళల మధ్యలోకి దారం ఒక మడతగా దూరుతుంది. అక్కడ మొదలైతే ఇంక ఆగదు, చివరిదాకా కట్టుకుంటూ పోతుంది. మొదలే కష్టం. నేను చేస్తున్న పనంతా ఆ మొదలు గురించే.

అక్కా, ఒక మాట వింటావా? నువ్వు బాగా అలిసిపోయావు. ఈ వానల కాలం అయ్యేదాకా ఆ వరండా కట్టిపెట్టు. ముఖ్యంగా ఇంజెక్షన్లు. ఎవరైనా వస్తే మాత్రలిచ్చి పంపు. ఎస్తేరు దగ్గర కూర్చో. నా మాట విను.

కృప

—

గన్నవరం,
12-9-1974

ఒరేయ్ కృపా,

నీ ఉత్తరం చదివాక చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను. నా పొరపాటు లేదని అంతోని చెప్పాడన్న ముక్క ఒక్కటే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. వేడీ చలీ నాకు అర్థం కాలేదు కానీ నీకు సంతోషంగా ఉంది కదా, అది చాలు. అంతోనికి నా దీవెనలని చెప్పు. ఎప్పుడైనా ఇటు వస్తే కోడి కోసి పెడతాను.

ఎస్తేరు గోడ పట్టుకుని నిలబడుతోంది! మోకాలి మీద అరచెయ్యి వేసి నొక్కుకుంటూ రెండు అడుగులు వేసింది. మీ బావ శనివారం వచ్చి అది చూసి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. ఏడుస్తున్నాడని నాకు తెలియకూడదని.

వరండా కట్టిపెట్టమన్నావు. అక్క మీద నీకున్న ప్రేమ నాకు తెలియదా. నిజంగానే మానేద్దామని చూశాను. బసవపున్నయ్య గారి కోడలు రామతులసి, కొడుకును భుజాన వేసుకుని వచ్చింది. వాడికి రెండేళ్ళు నిండలేదు, ఒళ్ళు కాలిపోతోంది. నీ మాట గుర్తొచ్చి మాత్ర చితక్కొట్టి పొట్లం కట్టిచ్చాను. గంట తిరక్కుండా అత్తగారు వెంకటరత్నమ్మ గారు వాణ్ణి ఎత్తుకుని వచ్చేశారు. "ఏంటమ్మా సంపూర్ణం, మా పిల్లాడికి సూది వెయ్యనన్నావంట? పొట్లాలు కట్టించుకోవడానికైతే నీదాకా ఎందుకు, కొట్టుకే వెళ్దుం. మేమేం తప్పు చేశాం?" అని నిలబెట్టి అడిగేశారు. నేనేం చెప్పను? మా తమ్ముడు నన్ను విశ్రాంతి తీసుకోమన్నాడు అని చెప్పనా? నవ్విపోతారు. కారణం లేకుండా ఎలా మాననురా?

వేశాను. వాడు ఎస్తేరు లాగే నన్ను కోపంగా చూశాడు. అయినా నా చేతిలో పొరపాటేం లేదని నువ్వే రాశావు కదా అని ధైర్యం తెచ్చుకున్నాను.

నీ థీసిస్ ఎప్పటికి అవుతుంది?

అక్క

—

బెంగుళూరు,
19-9-1974

అక్కా,

ఇంక ఎవరికీ సూది వెయ్యకు. ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే వెళ్ళి సిరంజి ఎత్తి పెట్టెలో పెట్టెయ్యి. తర్వాత కూర్చుని చదువు.

ఆ పిల్లాడు ఎలా ఉన్నాడు? వెంటనే రాయి.

అంతోని చెప్పింది నేను నీకు మొత్తం రాయలేదు. వాడు చెప్పింది ఇది. పోలియో వైరసు చాలామంది పిల్లల ఒంట్లోకి వస్తుంది. ఎక్కువమందికి నాలుగు రోజుల జ్వరంతోనే పోతుంది. కాలు పడిపోయేది కొద్దిమందికి. కానీ ఆ జ్వరం రోజుల్లో కండలోకి సూది దిగితే, ఆ దెబ్బ తగిలిన కండ దగ్గర నుంచి వెన్నుపాములోని నరాల దాకా వైరసుకు దారి దొరుకుతుంది. సూది వేసిన కాలే పడిపోయే అవకాశం పెరుగుతుంది. ఏ మందు అన్నది కాదు, సూది ఎంత శుభ్రంగా ఉడికిందన్నదీ కాదు. ఇంగ్లండులో ఎన్నో ఏళ్ళ కిందటే గమనించి రాశారట. నేను అడగ్గానే అంతోని మొదట అడిగిన మాట, "ఏ కాలికి వేసింది మీ అక్క?" అని.

సూది వెయ్యకపోయినా ఎస్తేరుకి కాలు పోయి ఉండేదేమో. అలా పోయేవాళ్ళూ ఉన్నారు. ఏ ఒక్క పిల్ల విషయంలోనూ ఇదే కారణమని ఖచ్చితంగా చెప్పలేమని వాడే అన్నాడు. ఇది నిన్ను ఓదార్చడానికి రాయడం లేదు, నిజం కాబట్టి రాస్తున్నాను.

ఇదంతా నాకు ఆగస్టులోనే తెలుసు. నా చేతిలో పొరపాటు ఉందా, దాచకుండా చెప్పు అని నువ్వు అడిగితే, లేదని రాశాను. అబద్ధం కాని ముక్కలన్నీ ఏరి రాశాను. ఈ మాట రాయాల్సిన చోట వేడీ చలీ గురించి ఒక పేజీ నింపాను. నీకు ఈ సంగతి తెలిస్తే ఏమైపోతావోనని భయపడ్డాను. నేను చెప్పేవాణ్ణి కాకూడదనీ భయపడ్డాను. అలిసిపోయావు, విశ్రాంతి తీసుకో అంటే నువ్వు మానేస్తావనుకున్నాను. నువ్వు ఎప్పుడైనా కారణం లేకుండా ఏ పనైనా మానావా? అది నాకు తెలిసి ఉండాల్సింది.

సెలవు పెట్టి వచ్చేస్తాను. ఆ పిల్లాడికి ఏమీ కాకూడదు. ప్రార్థన చెయ్యి అని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా చెయ్యి.

కృప

—

గన్నవరం,
6-10-1974

కృపానందానికి,

నీ ఉత్తరం వచ్చేసరికే రామతులసి కొడుకు కుడికాలు పడిపోయింది. నేను సూది వేసింది కుడి తుంటికి.

నాకు చెబితే ఏమైపోతానోనని భయపడ్డానన్నావు. ఏమవుతానురా? ఏడుస్తాను. అన్నం మానేస్తాను. మీ బావ వచ్చి ఒకరోజు తిడతాడు, ఇంకోరోజు ఊరడిస్తాడు. తర్వాత లేచి సిరంజి ఎత్తి పెట్టెలో పెడతాను. అంతకంటే ఏం జరిగేది కాదు. నన్ను కాపాడాననుకున్నావు. నేను బాగానే ఉన్నాను. వాడికి కాలు లేదు.

ఎవరి చెయ్యీ అక్కర్లేదని రాశావు. ఆ వైరసు తయారవడానికి అక్కర్లేదేమో. ఈ పనికి మాత్రం రెండు చేతులు కావలసి వచ్చాయి. సూది పట్టుకున్నది నాది. కాగితం ముందు పెట్టుకుని రాయాల్సింది రాయనిది నీది. నేను తెలియక చేశాను. నువ్వు తెలిసి చేశావు. చర్చిలో చెప్పినట్టు నిన్ను క్షమించాలి, ఎప్పటికి చెయ్యగలనో తెలియదు. ఇప్పుడైతే లేదు. సెలవు పెట్టి వస్తానన్నావు. ఇప్పుడే రావద్దు.

వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. అత్తాకోడళ్ళిద్దరూ ఉన్నారు. ఇది నా సూది వల్లే జరిగి ఉంటుంది, మా ఎస్తేరుకీ అంతే, నన్ను ఏమన్నా పడతాను అన్నాను. రామతులసి పిల్లాణ్ణి నా వైపు నుంచి అవతలి వైపుకి తిప్పుకుంది. వెంకటరత్నమ్మ గారేమో, "ఊరుకోమ్మా, నీ పిల్ల కాలు పోయి నీ మనసు బాగాలేదు. సూది వల్ల కాళ్ళు పోతాయా ఎక్కడన్నా? మా ఖర్మ ఇలా ఉంది, నువ్వేం చేస్తావు" అని నాకు మజ్జిగ ఇచ్చారు. జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చినా అంత బాధ పడేదాన్ని కాదు. ఆ మజ్జిగ తాగలేక, పారబొయ్యలేక గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

నాలుగు రోజులు తిరక్కుండా ఆవిడే మనవరాలిని తీసుకుని నా వరండాకి వచ్చారు. జ్వరం. సూది వెయ్యమని. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను, వినలేదు. నువ్వు వెయ్యకపోతే రత్తయ్య వేస్తాడు అని వెళ్ళిపోయారు. రత్తయ్య బస్టాండు దగ్గర డాక్టరునని బోర్డు పెట్టుకున్నాడు, ఏ కోర్సూ చదవలేదు. వెళ్ళి అతనికీ చెప్పాను. నా బేరాలు పోగొట్టడానికి వచ్చావా అన్నాడు. ఆ పిల్లకి ఏమీ కాలేదు, బాగానే ఆడుకుంటోంది. ఇప్పుడు ఊరంతా దాన్నే చూపించి, సంపూర్ణానికి మతి చెడింది అంటున్నారు.

మాటలు ఎవరూ వినరని అర్థమైంది. అందుకని ఒక పని చేస్తున్నాను. ఎవరైనా జ్వరం పిల్లను తెచ్చి సూది కావాలంటే, ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి ఎస్తేరును తీసుకొస్తాను. గౌను ఎత్తి ఆ కాలు ఎంత సన్నబడిందో చూపిస్తాను. వరండా ఈ చివర నుంచి ఆ చివరికి నడిపిస్తాను. మోకాలు నొక్కుకుంటూ, కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. తర్వాత ఇది నా సూది వల్ల అంటాను. అప్పుడు వింటున్నారు. అందరూ కాదు. కొంతమంది తల్లులు మొహాలు పాలిపోయి, మాత్రలు తీసుకుని వెళ్ళిపోతున్నారు. ఆ పిల్లల కాళ్ళు నిలబడితే నాకు అదే చాలు.

మొదట ఎస్తేరుకి ఇది ఆటలా ఉండేది. నలుగురూ చూస్తున్నారని నవ్వేది. ఇప్పుడు దానికి తెలిసిపోయింది. వాకిట్లో ఎవరైనా పిల్లను భుజాన వేసుకుని కనిపిస్తే చాలు, పాక్కుంటూ వెళ్ళి మంచం కింద దూరుతోంది. నిన్న పొద్దున ఎవరో కొత్తావిడ వచ్చింది, ఒళ్ళో నెలల పిల్ల. ఎస్తేరు మంచం కోడు పట్టుకుని, "అమ్మా, నేను నడవనమ్మా, వాళ్ళని పొమ్మనమ్మా" అని ఏడ్చింది.

లాక్కొచ్చి నడిపించాను.

సంపూర్ణమ్మ